ఎండుమిరపకాయల మీద అడుగులు

ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకు జరిగింది. నమ్మకపోతే నమ్మకండి, నేనేమీ అనుకోను. ఇరవయ్యేళ్లు దాటింది... నాకే ఒక్కోసారి అబద్ధమేమో అనిపిస్తుంది. అబద్ధమైతే ఎంత బాగుండునో అని కూడా అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి నా భార్య ఉంది. నా కూతురు ఉంది. ముగ్గురమూ విన్నాం.

విన్నాం గానీ... ముగ్గురమూ ఒకటే వినలేదు.

మొదటినుంచీ చెబుతాను. తొందరపెట్టకండి.

మాది చీరాల దగ్గర. మగ్గం మీద బతికిన ఇల్లు. నా పెళ్లినాటికే మగ్గం కూడు పెట్టడం మానేసింది. పట్నం వెళ్లి అక్కడి జూలో దినకూలీగా చేరాను. బోన్లు కడగడం, మాంసం కొట్టడం, పేడ ఎత్తడం. ఏడేళ్లు అదే పని. ఆ తర్వాత పల్నాడు వైపు, వినుకొండకు కాస్త దూరంలో, కొండ కింద ఒక చిన్న జూ పెట్టారు. జింకలు, నెమళ్లు, రెండు దుమ్ములగొండ్లు, అదే హైనాలు, ఒక ఆడ చిరుత. అంతే. అక్కడికి నన్ను పర్మనెంట్ కీపరుగా వేశారు. మేత పెట్టడం, ఒంట్లో ఎలా ఉందో చూడడం, సాయంత్రం అన్నిటినీ రాత్రి గదుల్లోకి తోలి తాళాలు వేయడం నా పని. ఊరి పేరు మాత్రం చెప్పను. అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు.

ఆ చిరుత ఏదో ఊళ్లో బావిలో పడితే వల వేసి తీసి తెచ్చారు. ఒక కన్ను పోయింది. మొదట్లో ఎవరు దగ్గరికి వెళ్లినా ఊచల మీద పడేది. నేను నెలరోజులు దాని ముందు ఊరికే కూర్చున్నాను. అంతే, అలవాటైపోయింది. "రా తల్లీ, రా" అంటే చాలు, ఆవరణలో ఏ మూల ఉన్నా లేచి వచ్చేది.

నాతో నా భార్య సుశీల, మా అమ్మాయి జ్యోతి వచ్చారు. జ్యోతికి అప్పుడు ఐదేళ్లు. జూలో క్వార్టర్లు ఇంకా కట్టలేదు. టౌను నుంచి రోజుకు రెండే బస్సులు. జూ నైట్ వాచ్‌మన్ మస్తాను ఒకరోజు అన్నాడు, "నాగేశ్వరరావు గారూ, వాగు అవతల ఎనభై సెంట్లు అమ్మకానికుంది. చవగ్గా ఇస్తాడంట. చూసుకోకూడదూ?"

వెళ్లి చూశాం. నల్లరేగడి నేల. అటు పక్క చేలో పత్తి, ఇటు పక్క చేలో మిరప. ఉత్తరాన చిన్న మోటారు షెడ్డు, దాని పక్కనే రేకుల గది. దక్షిణపు గట్టు దగ్గర ఎండిపోయిన బావి. దానికి గోడ లేదు, ముళ్లకంప వేసి మూశారు. అక్కణ్ణుంచి జూ కిలోమీటరున్నర. సైకిలు మీద పది నిమిషాలు.

అమ్మే ఆయన పేరు ఆదెయ్య. అరవై దాటినాయన. పొలం చూపించడానికి వచ్చాడు గానీ పొలంలో కాలు పెట్టలేదు. డొంకదారిలో నిలబడి కర్రతో హద్దులు చూపించాడు. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను.

"ఇంత తక్కువకి ఇస్తున్నారేంటండీ?" అని అడిగాను.

"నీళ్లు లేవు బాబూ. చేసేవాడూ లేడు. నేల మాత్రం మంచిది," అన్నాడు.

నేను ఇంకేమీ అడగలేదు. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. పత్తి ముంచేసిన ఏళ్లవి. పురుగుమందు తాగి పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పొలం ఎందుకు అమ్ముతున్నావని అడగడమంటే పుండు మీద వేలు పెట్టడమే. మగ్గం తప్ప సెంటు భూమి ఎరగని ఇంట్లో పుట్టినవాణ్ణి. నా పేరున ఎనభై సెంట్లు... ఆ సంతోషంలో ఉన్నాను.

రిజిస్ట్రేషనయింది. గదికి సున్నం కొట్టుకుని చేరాం. నాలుగు నెలలు ఏమీ జరగలేదు. చెప్పాలంటే మా కాపురంలో అవే మంచి రోజులు. సుశీల గట్టు మీద కంది వేసింది. జ్యోతి రోజంతా మట్టిలోనే. రాత్రి పడుకుంటే జూలోంచి దుమ్ములగొండ్ల కూతలు వినిపించేవి. ఏ కూత దేనిదో మా అమ్మాయి కూడా చెప్పేది.

శివరాత్రి వెళ్లిన వారం. పక్క చేను కోటయ్య మా ఖాళీ జాగాలో మిరపకాయ ఎండబోసుకుంటానని అడిగితే సరేనన్నాను. మా గుమ్మం ముందు మంచాలు వేసుకునే చోటు వదిలేసి, అక్కణ్ణుంచి బావి దాకా పరిచేశాడు. ఎర్రగా... ఎటు చూసినా ఎరుపే. రోజూ రాత్రి కల్లంలోనే మంచం వేసుకుని కాపలా పడుకునేవాడు. ఆ రోజు మేనకోడలి పెళ్లికి వెళుతూ అన్నాడు, "తమ్ముడూ, ఈ ఒక్క రాత్రి చూస్తుండు. మంచు పదును పడితే కాయ విరగదు. అందుకే పట్టా కప్పలా. తెల్లారి బస్తాలకెత్తుతా."

"నువ్వెళ్లన్నా, నేను చూస్తాగా," అన్నాను.

ఇంకొక సంగతి. ఆ సాయంత్రం జ్యోతికి జ్వరం. మందులు తేవాలని పని తొందరగా ముగించాను. చిరుత గదికి రెండు తాళాలు. లోపలి ఆవరణలోకి తెరుచుకునే తలుపుకొకటి, బయటికి తెరుచుకునే తలుపుకొకటి. లోపలి తాళం వేయడం గుర్తుంది... టక్ మన్న శబ్దం కూడా గుర్తుంది. బయటిది వేశానా? అన్నం తింటుంటే ఆ అనుమానం వచ్చింది. వేసే ఉంటాను. ఏళ్ల తరబడి చేస్తున్న పని, చెయ్యే వేసేస్తుంది. అలా సర్దిచెప్పుకుని పడుకున్నాను.

పిల్లకు జ్వరం తగ్గింది. గదిలో ఉక్కగా ఉందని ముగ్గురం బయటే పడుకున్నాం. నాకొక మంచం, తల్లీకూతుళ్లకొకటి.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. చంద్రుడు ఎప్పుడో కుంకాడు. కళ్లు తెరిచాను. ఏదో తేడాగా ఉంది. ఏంటా అని ఆలోచిస్తే... దుమ్ములగొండ్లు అరవడం లేదు. నెమళ్లు లేవు. వాగులో కప్పలు కూడా లేవు. అలా పడుకునే ఉన్నాను.

అప్పుడు వినిపించింది.

గల... గల...

ఎండుమిరపకాయ తొక్కితే ఎలా ఉంటుందో తెలుసుగా. పైతొక్క పటపటమంటుంది. లోపల గింజలు గలగలమంటాయి. ఆ శబ్దాన్ని దాచలేరు. పిల్లి నడిచినా తెలుస్తుంది.

గల... గల... ఆగింది. మళ్లీ గల... గల...

బావి వైపు నుంచి. బరువుగా. తొందర లేకుండా.

బయటి తాళం. వేయలేదు. నేను తాళం వేయలేదు... అది వచ్చేసింది.

మీరైతే ఏం చేసేవాళ్లో నాకు తెలియదు. కేకలు వేస్తే సుశీల లేచి పరిగెడుతుంది. పిల్ల పరిగెడుతుంది. పరిగెత్తేదాన్ని చిరుత వదలదు. మంచాలకీ దానికీ మధ్య యాభై అడుగులు కూడా లేవు. ఉన్న దారి ఒక్కటే. దాన్ని మంచాల నుంచి మళ్లించి, నా వైపు పిలిచి, మోటారు షెడ్డులోకి రప్పించి గొళ్లెం పెట్టాలి. అది నా మాట వింటుంది. వినాలి.

దిండు కింద టార్చి తీసుకున్నాను. వెలిగించలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా గది వెనక నుంచి ఉత్తరం వైపుకి వెళ్లాను. షెడ్డు తలుపు మెల్లగా తెరిచాను. దాని పక్కన నిలబడి... రోజూ పిలిచే గొంతుతోనే, బాగా తగ్గించి పిలిచాను.

"రా తల్లీ... రా..."

అడుగులు ఆగిపోయాయి.

విన్నదనుకున్నాను. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎంతసేపో... మళ్లీ పిలిచాను.

"రా తల్లీ..."

గల.

గల.

గల.

నా వైపు కాదు. మంచాల వైపు.

అప్పుడు తెలిసింది. అది నాలుగు కాళ్ల నడక కాదు. జంతువు నడిస్తే ముందు కాళ్లకొక శబ్దం, వెనక కాళ్లకొక శబ్దం. చీకట్లో కూడా చెప్పగలను, అది నా వృత్తి. ఇది రెండు కాళ్లు. ఒక కాలు... ఆగి... ఇంకో కాలు. మనిషి నడక.

కాయల దొంగ అనుకున్నాను. నిజం చెప్పాలంటే ప్రాణం లేచి వచ్చింది. చిరుత కాదు, దొంగ. కానీ వెంటనే ఇంకొకటి తట్టింది. ఇంతసేపు ఆ కాయల్లో నడుస్తున్నాడు. తొక్కినకొద్దీ ఘాటు లేస్తుంది. కోటయ్య పుట్టిన దగ్గర్నుంచీ మిరపలోనే ఉన్నాడు, అతనే మూతికి గుడ్డ కట్టుకుని కూడా దగ్గుతాడు. ఇక్కడ దగ్గు లేదు. తుమ్ము లేదు. ఊపిరి కూడా... లేదు.

టార్చి వెలిగించాను.

ఎర్రటి కాయలు. వాటి మీద వెలుతురు. అడుగు శబ్దం సరిగ్గా ఆ వెలుతురు పడ్డచోటే వస్తోంది.

గల...

అక్కడ ఎవరూ లేరు.

గల...

వెలుతురు పక్కకు తిప్పాను. మంచం కనిపించింది. సుశీల ఒక్కతే ఉంది. పిల్ల లేదు.

ఇంకొంచెం జరిపాను. తెల్ల గౌను. జ్యోతి. కాయల్లోకి దిగి నడుస్తోంది. నేను ఉత్తరాన ఉన్నాను. పిల్ల నాకు వీపు పెట్టి దక్షిణం వైపు... బావి వైపు వెళుతోంది. ఎవరో ముందు నడుస్తుంటే వెనకాల వెళ్లినట్టు. నిద్రలో తూలుతున్నట్టు కూడా కాదు. మామూలుగా, బడికి వెళ్లినట్టు.

పిలవడం కూడా తట్టలేదు. పరిగెత్తాను. నేను చేరేలోపు సుశీల మంచం మీద నుంచి దూకింది. కాయల్లో పడుతూ లేస్తూ వెళ్లి పిల్ల రెక్క పట్టుకుంది. అప్పుడు దగ్గింది నా బిడ్డ. ఘాటుకు తల్లీకూతుళ్లిద్దరూ ఉక్కిరిబిక్కిరైపోయారు.

వాళ్ల దగ్గుల మధ్యలో... వాళ్లకు ముందు... ఆ అడుగులు బావి దాకా వెళ్లాయి. ముళ్లకంప ఒక్కసారి చిటపటమంది. తర్వాత ఏమీ లేదు.

గదిలోకి వెళ్లి గడియ పెట్టాం. నీళ్లతో పిల్ల కళ్లు కడుగుతున్నాం. సుశీల నా వైపు చూసి అడిగింది.

"మీరు ఎటునుంచి వచ్చారు?"

"షెడ్డు దగ్గర నుంచి."

"కాదు. మీరు బావి దగ్గరున్నారు."

"నేను షెడ్డు దగ్గరే ఉన్నాను సుశీలా. చిరుత వచ్చిందనుకుని..."

"బావి దగ్గర నిలబడి పిల్లని పిలిచారు. 'జ్యోతీ, ఇటు రామ్మా' అన్నారు. రెండుసార్లు. నాకు మెలకువొచ్చింది. పొద్దున్నే పిల్లని బయటికి తీసుకెళ్తున్నారేమో అనుకున్నా. అంతలో షెడ్డు వైపు నుంచి లైటు పడింది..." అంది.

నేను మా అమ్మాయిని అడిగాను, "ఎవరు పిలిచారమ్మా?"

"నువ్వే," అంది.

ఆ మిగతా రాత్రి ఎలా గడిచిందో చెప్పలేను. ఒక భయం గదిలో ఉంది. ఇంకో భయం తాళం గురించి. చిరుత బయటే ఉందేమో, ఊళ్లోకి వెళుతుందేమో... నేను వెళ్లి చూడాలి. సుశీల నా చొక్కా పట్టుకుని వదల్లేదు. "తెల్లారేదాకా ఆగండి" అంది. ఆగాను. ఉద్యోగం చేసేవాడు ఆగకూడదు. ఆగాను.

వెలుతురు రాగానే సైకిలు తొక్కాను. రెండు తాళాలూ వేసే ఉన్నాయి. చిరుత లోపలే ఉంది. నన్ను చూసి రోజులా ఊచల దగ్గరికి రాలేదు. వెనక గోడకు ఆనుకుని మూలిగింది. మస్తాను అన్నాడు, "రాత్రంతా నిలబడే ఉందండీ. మీ పొలం వైపే చూస్తా నిలబడింది. మాంసం ముట్టలా."

తిరిగి వచ్చేసరికి కోటయ్య పెళ్లి నుంచి వచ్చి కల్లం చూసుకుంటున్నాడు. నలిగిన కాయలు బావి నుంచి ఒక వరసగా వచ్చి, మా మంచాలకు నాలుగడుగుల దూరంలో ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లాయి. "ఇదేంది తమ్ముడూ, నువ్వేనా తొక్కింది?" అన్నాడు. కాదన్నాను. అతను అటు తిరిగాక ఆ జాడల్లో నా కాలు పెట్టి, అడుగుకీ అడుగుకీ మధ్య దూరం చూసుకున్నాను. ఒక అడుగు. రెండో అడుగు. మూడు.

సరిగ్గా నా అంగే.

నా అరికాళ్లు చూసుకున్నాను. మంటగానే ఉన్నాయి, రాత్రి పరిగెత్తాను కదా. నేను ఆ వరసలో నడవలేదు. పిల్ల కోసం పరిగెత్తింది అడ్డంగా, ఆ జాడ వేరే ఉంది. నాకు తెలిసినంతవరకూ... నేను నడవలేదు.

ఆ రోజే ఆదెయ్య గారింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. సుశీల మాట చెప్పేసరికి ఆయన చేతిలో చుట్ట కింద పడింది.

"పిల్ల బాగానే ఉందా?" అన్నాడు.

"ఉందండీ."

"నిజంగా బాగానే ఉందా?"

ఉందన్నాను. ఆయన కింద పడ్డ చుట్ట తీసి అరుగు మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"నాకో తమ్ముడుండేవాడు బాబూ. సుబ్బయ్య. పత్తికి కాపలా పోయి ఆ చేలోనే పడుకున్నాడు. నేనీ ఇంట్లో ఉన్నా. పక్క చేల వాళ్లు ఇద్దరు విన్నారంట. 'సుబ్బా, ఇటు రారా' అని నేను పిలవటం. నా గొంతేనంట. తెల్లారేసరికి వాడు బావిలో ఉన్నాడు. అప్పుడు నీళ్లున్నాయి దాన్లో."

నేను అడగాలో వద్దో తెలియక, చివరికి అడిగాను. "మీరు పిలిచారా?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. "మాకు పంపకాల తగాదా ఉండేది. ఊరంతా ఎరుగుదురు. పోలీసులు తీసుకుపోయారు, కొట్టారు, ఏమీ తేలక వదిలేశారు. నేను పిలవలా బాబూ. పిలవలేదని నేనొక్కణ్ణే అంటన్నా. ఎవరు నమ్ముతారు?"

"మాకెందుకు చెప్పలేదండీ? పసిపిల్లని పెట్టుకుని వచ్చాం."

"చెబితే దెయ్యం కథ చెప్పి నా తప్పు దాచుకుంటన్నానంటారు. నాకా బతుకు చాలయ్యింది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత చేతులు జోడించాడు. "ఒక్క సాయం చెయ్యి. నీ భార్యని తీసుకొచ్చి, ఆమె విన్నది మా మరదలికి చెప్పించు. పదకొండేళ్లుగా నా గుమ్మం తొక్కలా ఆ పిల్ల."

నాకు ఆయన మీద కోపం ఉంది. అయినా సుశీలకు చెప్పాను. తను ఆలోచించి అంది, "నేను విన్నది చెబుతా. ఆయన చంపలేదని మాత్రం చెప్పలేను."

మర్నాడు వెళ్లాం. సుబ్బయ్య భార్య గుమ్మంలోనే కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. సుశీల నిలబడే మొత్తం చెప్పింది. ఆమె చెయ్యి ఆపకుండా వింది. అంతా అయ్యాక తలెత్తి, నన్ను ఒకసారి చూసి, సుశీలతో అంది.

"నా మొగుణ్ణి పిలిచింది వాళ్లన్న గొంతు. నీ బిడ్డని పిలిచింది నీ మొగుడి గొంతు. నేను మా బావని అడిగా. నువ్వు నీ మొగుణ్ణి అడిగావా?"

ఆ రాత్రి సుశీల పిల్లను గోడవైపు పడుకోబెట్టింది. తను మధ్యలో పడుకుంది. నా వైపు తిరిగి... కళ్లు తెరుచుకుని.

వారంలో జూ స్టోరు గదిలోకి మారాం. తర్వాత క్వార్టరు ఇచ్చారు. ఆదెయ్య రెండేళ్లకు పోయాడు. మరదలు శవం దగ్గరికి రాలేదని విన్నాను. చిరుత ఇంకో ఆరేళ్లు బతికింది. నేను పిలిస్తే వచ్చేది గానీ, వచ్చేముందు ఆగి, ఆ ఒంటికన్నుతో నన్ను కాసేపు చూసేది.

పొలం ఇంకా నా పేరునే ఉంది. రోడ్డు వేశారు, ధర పెరిగింది, అడిగేవాళ్లు వస్తూనే ఉన్నారు. అమ్మలేను. చెప్పకుండా అమ్మితే పాపం. చెప్పి అమ్ముదామంటే... ఏమని చెప్పాలి? ఆ చేలో ఏదో ఉందనా? లేకపోతే ఆ రాత్రి నిద్రలో నేనే లేచి నడిచానేమో, నాకు తెలియదు అనా? నేను పిలిచింది 'తల్లీ' అని. వాళ్లు విన్నది 'జ్యోతీ' అని. గొంతు గోడకు తగిలి తిరిగి వచ్చిందనుకుందామంటే, ఆ బావి వైపు గోడే లేదు.

సుశీల తర్వాతెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నన్ను ఏమీ అనలేదు. మంచి మనిషి.

మా అమ్మాయి పెద్దదైంది. ఉద్యోగం చేస్తోంది. ఆ రాత్రి తనకేమీ గుర్తులేదంటుంది. ఉండకపోవచ్చు, ఐదేళ్ల పిల్ల. కానీ ఇప్పటికీ నేను పక్క గదిలోంచి పేరు పెట్టి పిలిస్తే పలకదు. చేస్తున్న పని ఆపి, లేచి, నా గది గుమ్మం దాకా వస్తుంది. నా మొహం చూస్తుంది.

అప్పుడు పలుకుతుంది.